ఎలుక కరవకుండానే వచ్చే ఎలుక జ్వరం: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు

నాట్లు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో లెప్టోస్పైరోసిస్ గురించి, అంటే వాడుకలో ఎలుక జ్వరం గురించి, అడిగినవి ఎక్కువగా ఉన్నాయి. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పాఠకులు రాసిన వాటిలో ఆరింటిని ఎంచి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర కె.సి. కాలువ కింద మాగాణి. నాట్లు ముగిసిన పది రోజులకు మా వదినకు చలితో జ్వరం, తలనొప్పి, నడవలేనంతగా పిక్కల నొప్పులు వచ్చాయి. ఊళ్లో చూపిస్తే టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు వేశారు. ఆరో రోజున కళ్లు పచ్చబడితే పసిరికలని పసరు మందు పోయించాము. తొమ్మిదో రోజున మూత్రం బాగా తగ్గిపోతే కడపకు తీసుకుపోయాము. అక్కడ ఎలుక జ్వరమని తేల్చి, రెండుసార్లు డయాలసిస్ చేసి బతికించారు. మా ఇంట్లో ఎవరినీ ఎలుక కరవలేదు. ఇది ఎలా వచ్చింది? ముందే ఎందుకు తెలియలేదు?

జవాబు: మీ వదిన గారు కోలుకోవడం సంతోషం. ఎలుక జ్వరమన్న పేరే మనల్ని దారి తప్పిస్తుంది. ఎలుక కాటు వల్ల ఈ జబ్బు రావడం చాలా అరుదు. లెప్టోస్పైరా అనే, మరమేకులా మెలికలు తిరిగిన అతి సన్నని సూక్ష్మజీవి ఎలుకల, పందికొక్కుల మూత్రపిండాలలో కాపురం పెడుతుంది. ఆ జంతువుకు పెద్దగా ఇబ్బంది కలిగించకుండా, అది బతికి ఉన్నంతకాలం దాని మూత్రంతో బయటికి వస్తూనే ఉంటుంది. మాగాణి గట్లలో బొరియలు చేసుకున్న ఎలుకలు తిరిగేదీ మూత్రం పోసేదీ మడిలోనే. ఎండిన నేల మీద పడితే త్వరగా చచ్చిపోయే ఈ సూక్ష్మజీవి, గోరువెచ్చని నిలవ నీటిలోనూ తడి బురదలోనూ వారాల తరబడి, అన్నీ అనుకూలిస్తే నెలల తరబడి బతుకుతుంది. దమ్ము చేసి నీరు కట్టిన మడి దానికి అచ్చంగా అటువంటి చోటు.

ఆరిన, గట్టి చర్మం గుండా అది సాధారణంగా పోలేదు. దానికి ఏదో ఒక సందు కావాలి. మడమ పగులు, కాలివేళ్ల మధ్య ఒరిసిన చోటు, కొడవలి గాటు, ముల్లు దిగిన గుర్తు, గోరుచుట్టు, ఇవన్నీ దానికి వాకిళ్లే. పొద్దున మడిలో దిగి మధ్యాహ్నం దాకా వంగి నారు నాటే ఆడవాళ్ల చేతులు, కాళ్లు తెల్లగా నాని ముడతలు పడి ఉండడం మనమందరం చూసిందే. అలా నానిన చర్మం కూడా సందే. బురద చేత్తో కంట్లో పడిన చెమట తుడుచుకున్నా, కాలువ నీళ్లతో నోరు పుక్కిలించినా, కంటి పొర గుండానో నోటి పొర గుండానో లోపలికి పోగలదు. కాబట్టి ఇంట్లో ఎలుక కరిచిందా లేదా అన్నది కాకుండా, గడచిన నెల రోజుల్లో ఎక్కడి తడిలో ఎంతసేపు నిలబడ్డాము, అప్పుడు ఒంటి మీద గాయాలు ఉన్నాయా అన్నది ఆలోచించవలసి ఉంటుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. సూక్ష్మజీవి ఒంట్లో చేరిన తరువాత జ్వరం మొదలు కావడానికి 2 నుంచి 30 రోజులు, చాలామందిలో 5 నుంచి 14 రోజులు పడుతుంది. నాట్లు ముగిసి, కూలి డబ్బులు కూడా ఖర్చయిన తరువాత జ్వరం వస్తుంది కనుక మడికీ జ్వరానికీ ముడిపెట్టాలని ఇంట్లోవాళ్లకు తట్టదు. వైద్యుడు అడగకపోతే వాళ్లు చెప్పరు, వాళ్లు చెప్పకపోతే వైద్యునికి తెలియదు. నిజానికి ఈ జబ్బు మొదటి నుంచీ వేరే జబ్బుల వేషంలోనే తిరిగింది. కామెర్లు, మూత్రపిండాల దెబ్బ కలిసి వచ్చే జ్వరాన్ని 1886లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించినా, కారణం అప్పటికి తెలియదు. 1907లో అమెరికాలో స్టిమ్సన్ అనే ఆయన ఈ సూక్ష్మజీవిని చూసింది ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడని అందరూ అనుకున్న రోగి మూత్రపిండంలో. కొస వంగి ప్రశ్నార్థకంలా కనబడింది కనుక దానికి ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు. 1915 ప్రాంతంలో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే పరిశోధకులు బొగ్గుగని కార్మికులకు వచ్చే ఇటువంటి జబ్బుకు ఇదే కారణమని తేల్చారు. గనిలోనూ ఉన్నవి తడి, ఎలుకలు, గీరుకుపోయిన చేతులే.

ఈ జబ్బు వచ్చినవారిలో సుమారు 90 శాతం మందికి అది ఫ్లూ జ్వరంలాగా వచ్చి తగ్గిపోతుంది. మిగిలిన వారిలోనే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బ తింటాయి. తీవ్ర రూపం దాల్చినప్పుడు నూటికి 5 నుంచి 15 మంది దాకా చనిపోవచ్చు. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగితే ఆ సంఖ్య ఇంకా చాలా ఎక్కువ. మొదటి రోజుల్లో గుర్తు పట్టడానికి రెండు ఆనవాళ్లు బాగా పనికివస్తాయి. ఒకటి, చేత్తో నొక్కితే ఓర్చుకోలేనంతగా ఉండే పిక్కల నొప్పి. రెండు, పుసి కట్టకుండా, నీరు కారకుండా కళ్లు ఎర్రబడటం. మామూలు కామెర్లలో, అంటే వైరస్ వల్ల వచ్చే వాటిలో, కళ్లు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గుముఖం పడుతుంది. ఎలుక జ్వరంలో పసుపు రంగు కనబడుతున్నా జ్వరం అలాగే ఉంటుంది. రక్తపరీక్షలోనూ తేడా ఉంది: వైరస్ కామెర్లలో కాలేయపు ఎంజైములు వేలల్లోకి పోతాయి, ఇందులో కొన్ని వందల దగ్గర ఆగి, కళ్లకు పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ మాత్రం బాగా పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి కనుక డెంగీ అనుకునే అవకాశం ఉంది. అయితే డెంగీలో తెల్లకణాలు సాధారణంగా తగ్గితే, ఇందులో తరచు పెరుగుతాయి.

ఇక టైఫాయిడ్ సంగతి. ఒక్కసారి చేసిన వైడాల్ పరీక్షను నమ్మి టైఫాయిడ్ అని నిర్ధారించడం మన పల్లెల్లో అలవాటైపోయింది. గతంలో ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. ఎలుక జ్వరానికి చేసే ఐజీఎం పరీక్షకూ, అంటే జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను రక్తంలో వెతికే పరీక్షకూ, ఒక చిక్కు ఉంది. జ్వరం మొదలైన 5 నుంచి 7 రోజుల తరువాతే అందులో ఫలితం కనబడుతుంది. రెండో రోజున చేయించి నెగిటివ్ వచ్చిందని ఊరుకుంటే మోసపోతాము. మొదటి వారంలో, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే రక్తంలో వెతికే పీసీఆర్ పరీక్ష ఉపయోగపడుతుంది కానీ అది అన్నిచోట్లా దొరకదు. కాబట్టి ఆనవాళ్లు, చేసే పని రెండూ సరిపోలితే పరీక్ష కోసం ఎదురు చూడకుండా చికిత్స మొదలుపెట్టడమే సరైన పద్ధతి. మందులు ఖరీదైనవి కావు: తొలి దశలో వారం రోజుల డాక్సీసైక్లిన్ మాత్రలు, ముదిరితే ఆసుపత్రిలో పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించినది పసరు మందుతో పోయిన మూడు రోజులు. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కనుక పసరుకు ఆ పేరు దక్కింది. ఎలుక జ్వరం అలా వదిలేది కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. పిక్కల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజెక్షన్లు, ఇప్పటికే దెబ్బ తింటున్న మూత్రపిండాలను ఇంకా దెబ్బ తీస్తాయి. కారణం తెలియని జ్వరంలో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మందు వద్దని గట్టిగా చెప్పండి. ఎక్కడికి వెళ్లినా, ఎవరూ అడగకపోయినా, “నెల లోపల మడిలో దిగాను, కాలికి పగుళ్లు ఉన్నాయి” అని చెప్పడం మరవవద్దు.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. మాకు వాననీళ్లే కరువు, వరి మడి చూసి ఎన్నో ఏళ్లయింది. వేరుశనగ, బోరు కింద డ్రిప్పుతో టమోటా, రెండు పాడి ఆవులు ఉన్నాయి. ఈ జబ్బు కోస్తావాళ్లకే కానీ మాకు రాదని మా అన్న అంటాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేల మీద, మండే ఎండలో, ఈ సూక్ష్మజీవి ఎక్కువసేపు బతకదు. కేరళ, తమిళనాడు, గుజరాత్ దక్షిణ భాగం, అండమాన్ దీవులు దీనికి పేరుపడిన చోట్లు. అయితే మీ ఊళ్లో తడి అసలు లేకపోలేదు; అది అక్కడక్కడ ముద్దగా ఉంది. బోరు దగ్గర తొట్టి, గిన్నెలు తోమే బండ, పశువుల పాక, సేద్యపు కుంట, డ్రిప్పు పైపు చుట్టూ చెమ్మ. ఎండాకాలంలో నీళ్లకోసం ఎలుకలు, కుక్కలు, పశువులు, మనుషులు అందరూ చేరేది కూడా ఆ నాలుగైదు చోట్లకే. ఒకే తొట్టిలో ఎద్దు నీళ్లు తాగి, అందులోనే మనం మొహం కడుక్కుంటే మాగాణి లేదన్న ధీమా పనికిరాదు.

మీకు తెలిసిన విషయమే ఒకటి గుర్తు చేస్తాను. డ్రిప్పు లాటరల్ పైపులను ఎలుకలు కొరికి తూట్లు పెడతాయి. ఆ తూటు దగ్గరే నీరు నిలిచి మడుగు కడుతుంది. దాన్ని సరిచేయడానికి మీరు వట్టి చేతులతో ఆ బురదలోనే వేళ్లు పెడతారు. ఎలుక తిరిగిన చోటు, నిలవ నీరు, గీతలు పడిన వేళ్లు, మూడూ అక్కడ ఒక్కచోట కలిశాయి. ఒక జత రబ్బరు చేతితొడుగులు పైపుల సంచిలోనే ఉంచుకోండి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పీకిన శనగ కట్టెను వామి వేసినప్పుడు, అందులో చేరిన ఎలుకల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తడిసిన వామిని విప్పేటప్పుడు కూడా ఆ తొడుగులే వేసుకోండి.

ఇక ఆవుల విషయం. పశువుల్లో ఈ జబ్బు సోకినప్పుడు పాలు ఉన్నట్టుండి తగ్గడం, చూలు నిలవక ఈసుకుపోవడం కనబడతాయి. చాలా పశువులు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే నెలల తరబడి మూత్రంలో సూక్ష్మజీవిని వదులుతుంటాయి. పాలు పిండేటప్పుడు ఆవు మూత్రం పోస్తే తుంపరలు పడేది మొహం మీద, కళ్లలో. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తీసి, కుక్కలకు పారవేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. దాన్ని మాత్రం ఈ రోజే మానండి. అక్కడ ఎలుక జ్వరంతో పాటు, పశువుల నుంచి మనుషులకు వచ్చే బ్రూసెల్లోసిస్ అనే మరో జ్వరం కూడా సోకే ప్రమాదం ఉంది. తొడుగులు వేసుకుని తీసి, లోతుగా గుంత తవ్వి సున్నం వేసి పూడ్చండి. ఆవు రెండోసారి ఈసుకుపోతే పశువైద్యాధికారికి చెప్పి రక్తపరీక్ష చేయించండి. పాకలో మూత్రం నిలవకుండా వాలు చేసి కాలువ తీయడం ఖర్చు లేని పని, మందుల కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: పత్తికొండ ప్రాంతంలో మూడేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. జీవామృతానికి ఆవు మూత్రం పట్టి, పేడతో కలిపి చేత్తోనే కలియబెడతాను. ఇందులో ప్రమాదం ఉందా?

జవాబు: ప్రకృతి సేద్యం మానుకోమని నేను చెప్పడం లేదు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి చేసే ఆ పనిలో చేయి ముంచవలసిన అవసరం ఎక్కడా లేదు. కర్రతో కలియబెట్టండి. మూత్రం పట్టేటప్పుడు, వడగట్టేటప్పుడు, చేతికి గాయం ఉంటే తొడుగు తప్పనిసరి. స్ప్రేయర్‌తో చల్లేటప్పుడు గాలికి ఎదురు నిలబడవద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఆవులు సొంతానివే కనుక భయం లేదన్న మాటలో పస లేదు. పైన చెప్పినట్టు, ఆరోగ్యంగా కనిపించే పశువు కూడా సూక్ష్మజీవిని వదలగలదు. పచ్చి పంచితాన్ని మందుగా తాగే అలవాటు ఉంటే అది వదిలిపెట్టడమే మంచిది.

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలో ఆశా కార్యకర్తను. మా ఊళ్లో ఎవరిని ఎక్కువగా కనిపెట్టి ఉండాలి? గంబూట్లు వేసుకోమని చెబితే ఆడవాళ్లు నవ్వుతున్నారు. డాక్సీసైక్లిన్ మాత్రలు ముందుగానే అందరికీ ఇవ్వవచ్చా?

జవాబు: వాళ్లు నవ్వడంలో న్యాయం ఉంది. మోకాలి లోతు దమ్ములో గంబూటు దిగబడితే కాలు వస్తుంది కానీ బూటు రాదు. బూట్లు పనికివచ్చేది మురుగు కాలువ పూడిక తీసేవారికి, పాకలు కడిగేవారికి, నీరు కట్టేవారికి. నాట్ల కూలీలకు వేరే దారి చూడాలి. మడిలో దిగే ముందు ప్రతి గాయాన్ని నీరు దిగని ప్లాస్టరుతో మూయడం మొదటిది. రోజూ రాత్రి పడుకునే ముందు మడమలకు కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ పట్టిస్తే పగుళ్లు లోతుగా పడవు. గట్టెక్కిన వెంటనే మంచినీళ్లు, సబ్బుతో కడుక్కోవాలి, కాలువలో కడుక్కోవడం కాదు. కాలికి పెద్ద పుండు ఉన్న మనిషిని ఆ రెండు రోజులు నారు కట్టలు మోసే పనికి పంపమని మేస్త్రీతో మాట్లాడండి. మీ మాట అయితే వింటారు.

కనిపెట్టవలసినవారిలో నేను ముందు పెట్టేది చక్కెర జబ్బు ఉండి మడిలో దిగేవారిని. పాదాలకు స్పర్శ తగ్గిపోయి ముల్లు గుచ్చుకున్నా వారికి తెలియదు, పుండు మానదు. తరువాత ఎలుకలను వట్టి చేతులతో పట్టేవారు, పందుల పెంపకందారులు, మాంసం కోసేవారు, చెరువులో చేపలు పట్టేవారు, చెరకు నరికేవారు. ప్రపంచంలో చాలాచోట్ల ఈ జబ్బు పనిచేసే వయసు మగవారిలో ఎక్కువగా కనబడుతుంది కనుక పుస్తకాలలో అలాగే ఉంటుంది. మన దగ్గర నాట్లు, కలుపు తీత ఆడవాళ్ల పని అన్న సంగతి మీరు మరిచిపోకండి. గర్భిణి అయితే గర్భస్రావం కూడా జరగవచ్చు కనుక జ్వరం వచ్చిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. పిక్కల నొప్పి, ఎర్రకళ్లు, మూత్రం తగ్గడం, దగ్గులో రక్తం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏదైనా ఉంటే ఇంకెక్కడా ఆగకుండా జిల్లా కేంద్రంలోని సర్వజన ఆసుపత్రికే పంపాలి.

మాత్రల విషయం: జబ్బు వ్యాపించిన చోట, ప్రమాదం ఎక్కువగా ఉన్న కొద్దికాలానికి, వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని నిర్ణయించవలసింది వైద్యాధికారి. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ఏడాది పొడవునా ఊరంతటికీ పంచితే ఆ మందు అసలు అవసరమైన రోజున పనిచేయకుండా పోవచ్చు. టీకా గురించి కూడా అడుగుతారు కనుక చెబుతున్నాను: ఈ సూక్ష్మజీవిలో 250కి పైగా రకాలు ఉండడం వల్ల అన్నిటికీ పనిచేసే టీకా చేయడం కష్టమైంది, మన జాతీయ టీకాల కార్యక్రమంలో దీనికి టీకా లేదు.

ప్రశ్న: 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో నడుము లోతు ఒండ్రు తీశాము. మళ్లీ అటువంటి వరద వస్తే ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: వరదలో ఎలుకల బొరియలు, మురుగు కాలువలు, పశువుల దొడ్లు అన్నీ ఒకే నీరవుతాయి. అందువల్ల ఒండ్రు తీసేటప్పుడు మాత్రం బూట్లకు, చేతితొడుగులకు మినహాయింపు లేదు. కొట్టుకువచ్చిన పశువుల కళేబరాలను వట్టి చేతులతో ముట్టవద్దు. నీళ్లు కాచి తాగండి. నీరు తీసిపోయిన తరువాత నెల రోజుల పాటు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా వరద నీటిలో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పండి. ఇల్లు శుభ్రమైంది కనుక గండం గడిచిందనుకునే రెండో, మూడో వారంలోనే ఈ జ్వరం బయటపడుతుంది.

ప్రశ్న: చాపాడు మండలంలో మాకు మూడెకరాల వరి ఉంది. ఎలుకలకు మందు పెడితే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తున్నాయి. మా నాన్నకు పోయిన ఏడాది ఈ జ్వరం వచ్చి తగ్గింది. ఆయన దగ్గర ఉంటే మాకు అంటుతుందా? ఆయనకు మళ్లీ రాదు కదా?

జవాబు: మనిషి నుంచి మనిషికి ఇది సోకడం చాలా అరుదు. నాన్నగారి కంచం వేరు చేయవలసిన పని లేదు. మళ్లీ రాదన్న హామీ మాత్రం ఇవ్వలేను, ఎందుకంటే ఒక రకం వచ్చి తగ్గితే కలిగే రక్షణ వేరే రకానికి పనిచేయకపోవచ్చు.

ఎలుకల మందు మీరొక్కరే పెడితే పక్క మడి ఎలుకలు మీ మడికి వస్తాయి. కాలువ కింది రైతులందరూ ఒకే వారంలో పెట్టాలి, అదీ పైరు చిన్నగా ఉన్నప్పుడే. జింకు ఫాస్ఫైడ్ అయితే మొదట రెండు రోజులు మందు లేకుండా నూకలు, నూనె కలిపి బొరియల దగ్గర పెట్టి అలవాటు చేసి, ఆ తరువాత 96 పాళ్లు నూకలకు 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పెడతారు. ముందు అలవాటు చేయకపోతే ఒకటి చచ్చి మిగిలినవి జంకుతాయి. మీకు రెండు రోజులు తగ్గి మళ్లీ రావడానికి అది ఒక కారణం కావచ్చు. ఇది మనిషికీ పశువుకూ ప్రాణాంతకమైన విషం కనుక వ్యవసాయ సిబ్బంది దగ్గరుండి చెప్పినట్టే కలపండి, పిల్లలను, కోళ్లను దూరంగా ఉంచండి. చచ్చిన ఎలుకలను తోక పట్టుకుని కాలువలో విసరకండి. చేతికి తొడుగు వేసుకుని ఏరి, గుంత తీసి పూడ్చండి. గట్లు సన్నగా చెక్కి ఉంచితే బొరియలకు చోటు తగ్గుతుంది. నాన్నగారు ఈసారి మడిలో దిగేటట్టయితే ముందు ఆయన మడమలు చూడండి.